పదమూడో సైకిలు

అటవీ శాఖలో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆత్మకూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, ఎర్రచందనం దొంగల్ని ఎట్లా పట్టారో చెప్పండి సార్ అంటారు. నేను పట్టుకున్నది తక్కువ, వాళ్ళ వెనక పరిగెత్తి మోకాళ్ళు పాడుచేసుకున్నది ఎక్కువ. ఆ కథలు చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యలేను. ఇన్నేళ్ళ నౌకరీలో నేను నోరు విప్పి చెప్పవలసింది ఒక్కటే ఉంది. అది సైకిళ్ళ సంగతి. అందులో నేను వీరుణ్ణి కాను. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు.

రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా, ఉదయగిరిలో సెక్షన్ ఆఫీసరుగా ఉన్నప్పుడు ఒక కాగితం వచ్చింది. సీతారామపురం వైపు కొండల్లో మాకు పదకొండు కిలోమీటర్ల కంకర దారి ఒకటి ఉంది. దాన్ని మోటారు బండ్లు లేని సైకిల్ దారి చెయ్యాలట. రెండు కొసల్లో గేట్లు పెట్టాలట. ట్రాక్టరు పోకూడదు, బైకు పోకూడదు, ఆఖరికి మా జీపు కూడా పోకూడదు. రెండుసార్లు చదివాను. చెప్పింది అర్థమైంది, ఎందుకు చెప్పారో మాత్రం బోధపడలేదు.

మా జీపు డ్రైవరు ఉదయగిరి మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు. కాగితం చదివి వినిపిస్తే వాడు స్టీరింగు మీద చెయ్యేసి నవ్వడం మొదలుపెట్టాడు.

"మా నాయన ఈ కొండల్లో సైకిల్ మీద గాజులమ్మి అమ్మి నడుం పోగొట్టుకున్నాడు సార్. నేను బండి కొన్న పొద్దు దర్గాలో ఫాతెహా ఇప్పిచ్చినాడు, సైకిల్ పీడ వదిలిందని. ఇప్పుడు వీళ్ళు కార్లో సైకిల్ ఎక్కిచ్చుకోని వచ్చి, దించి, తొక్కి, మళ్ళీ కార్లో ఎక్కిచ్చుకోని పోతారంటనా?"

"అంతేనంట."

"మరి కారెందుకు తెచ్చినట్టు?"

తర్వాత ఆ సైకిళ్ళు చూశాక వాడి అనుమానం ఇంకా పెరిగింది. స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు కూడా లేదు. "అన్నీ పీకేసినాక రేటు పెంచినారు చూడు సార్, వ్యాపారమంటే అదీ" అన్నాడు.

నవ్వుకున్నాం గాని, ఆ దారి మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉంది. కొండ మీద మాకొక క్యాంపు ఉండేది, అందులో దినకూలీ మీద అయిదుగురు వాచర్లు. ఆ ఏడాదితో క్యాంపు ఎత్తేస్తారని మాట. అయిదుగురిలో పెద్దవాడికి ఇరవై ఏళ్ళ సర్వీసు, ఒక్క రోజు కూడా కాగితం మీద పర్మినెంటు కాలేదు. సెంటు భూమి లేదు. నాకు ఆ కొండల్లో అడుగు తియ్యడం నేర్పింది ఆయనే. ఎక్కడ నీళ్ళు ఊరతాయో, ఎలుగుబంటి ఏ పొద్దున ఏ చెట్టు కిందికి వస్తుందో ఆయన చెబితేనే నాకు తెలిసింది. కొత్తగా వచ్చిన మా పెద్దాఫీసరు, ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి, స్పష్టంగా చెప్పేశాడు. "ట్రయల్ రైడ్ బాగా జరిగితే దారి నిలబడుతుంది. దారి నిలబడితే దానికి కాపలా కావాలి కాబట్టి క్యాంపు నిలబడుతుంది. జరగకపోతే నేనేం చెయ్యలేను."

ఆ పెద్ద వాచరుకి ఈ సంగతి చెప్పాను. "సైకిళ్ళే గదా సార్, తోలేద్దాం" అన్నాడు. కొండెక్కి మేకల్ని తోలేద్దాం అన్నంత తేలిగ్గా.

ఇబ్బంది ఏమిటంటే, ఆ దారి ఏడో కిలోమీటరు దగ్గర చీలుతుంది. కుడివైపుది మన దారి, సన్నగా ఉంటుంది. ఎడమవైపుది పాత క్వారీకి పోతుంది. లారీలు తిరిగిన దారి కాబట్టి అదే వెడల్పుగా, నున్నగా ఉంటుంది. పోయి పోయి క్వారీ గుంత అంచున ఆగిపోతుంది. అక్కడ బాణం గుర్తు బోర్డులు పెట్టాలి. బోర్డులు ఇంకా తయారవలేదు. పైగా అడవిలో రేకులూ ప్లాస్టిక్కూ కనబడకూడదని పెద్దాఫీసరు పట్టుదల.

అప్పుడు నేనే నోరు జారాను. "బోర్డులెందుకు సార్, మా కొమ్మ ఉంది కదా" అన్నాను.

మా కొండల్లో ఒక పద్ధతి ఉంది. గుంపుగా పోయేటప్పుడు ముందు నడిచేవాడు చీలిక దగ్గర ఒక పచ్చికొమ్మ విరిచి, పోకూడని దారికి అడ్డంగా వేస్తాడు. వెనక వచ్చేవాళ్ళు కొమ్మ ఉన్న దారి వదిలి రెండోదాంట్లో పోతారు. అరుపుల్లేవు, కేకల్లేవు. పెద్దాఫీసరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. రైడుకి వచ్చేవాళ్ళకి ముందే చెబుదాం, వాళ్ళకి భలే నచ్చుతుంది అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

పద్ధతిలో రెండో సగం ఉంది. అది నేను ఆఫీసరుకు చెప్పలేదు, అసలు చెప్పాలని నాకు తట్టనే లేదు. గుంపులో ఆఖరివాడు ఆ కొమ్మ తీసి అవతల పారెయ్యాలి. ఎందుకంటే మన గుంపుకి పనికిరాని దారి రేపు కట్టెలకొచ్చే ఆడవాళ్ళకి పనికిరావచ్చు. కొమ్మ వదిలేసి పోయినవాణ్ణి మా వైపు తిడతారు, దారి మూసినోడు అని. ఆఖరివాడెవరో తెలియాలంటే మొత్తం ఎంతమందో తెలియాలి. అందుకే కొండెక్కే ముందు ఎంతమందిమో లెక్కపెట్టుకోవడం కూడా ఆ పద్ధతిలో భాగమే.

ట్రయల్ రోజు పొద్దున్నే చలి. గేటు దగ్గర జీపు దిగి వాచరుకి చెప్పాను, పక్కన డ్రైవరు కూడా ఉన్నాడు. "పన్నెండు మంది. నువ్వు చీలిక దగ్గర ఉండు. ఆఖరాయన దాటాక ఆయన వెనకాలే వచ్చేసెయ్." ఆయన తన నల్ల సైకిలెక్కి, నడుముకి వైర్‌లెస్ సెట్టు తగిలించుకుని ముందు పోయాడు. అరగంట తర్వాత పన్నెండు మందీ హెల్మెట్లూ కళ్ళద్దాలూ పెట్టుకుని బయలుదేరారు. చప్పుడు లేకుండా పోయారు, కంకర నలిగిన శబ్దం తప్ప. నిజం చెప్పొద్దూ, నాకు కూడా బాగానే అనిపించింది.

వాళ్ళు పోయిన ఇరవై నిమిషాలకు ఒక కారు వచ్చింది. అందులోంచి ఒకామె దిగింది. అరవై ఏళ్ళుంటాయి, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైందట. దారిలో కారు టైరు పంచరై ఆలస్యమైంది. పేరు రాయించుకోలేదు గాని, ఫోన్‌లో అడిగితే రమ్మన్నారట. "నెమ్మదిగా పోతానండీ, నా వల్ల మీకేం ఇబ్బంది ఉండదు" అంది. అంత మర్యాదగా అడిగితే నాకు కాదనడం చేతకాలేదు. కొమ్మ సంగతి చెప్పాను. కొమ్మ ఉన్న దారిలోకి పోవద్దమ్మా అన్నాను. గేటు తీశాను.

వాచరుకి సెట్టులో చెప్పాలి. చేతిలోకి తీసుకున్నాను కూడా. అదే సమయానికి ఫోను మోగింది. అవతలి కొసలో టిఫిన్ వండేవాళ్ళు, గ్యాసు బండ అయిపోయిందని. అతిథులకి ఉప్మా లేకపోతే పెద్దాఫీసరు నన్ను ఉప్మా చేస్తాడు. డ్రైవర్ని పిలిచి, సీతారామపురంలో బండ ఎవరిస్తారో కనుక్కుంటూ, తారురోడ్డు మీద చుట్టు తిరిగి అవతలి గేటుకి పోయాం. సెట్టు జీపులో సీటు మీద పడి ఉంది. చెబుదాంలే అనుకున్నది మళ్ళీ గుర్తుకు రాలేదు. అంతే జరిగింది. ఇంతకన్నా గొప్ప కారణం ఉండి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

తొమ్మిది గంటలకు సైకిళ్ళు రావడం మొదలైంది. చప్పట్లు, ఫొటోలు. ఆఖరి సైకిలు వెనక మా వాచరు చెమటతో, మొహమంతా నవ్వుతో వచ్చాడు. పెద్దాఫీసరుకు సెల్యూట్ కొట్టి, "పన్నెండూ వచ్చేసినాయ్ సార్" అన్నాడు.

నా చేతిలో ఉప్మా ప్లేటు ఉంది. అప్పుడు గుర్తొచ్చింది.

"ఇంకొకామె ఉందయ్యా!" అన్నాను.

"ఇంకొకామా?"

అంటూనే ఆయన సైకిలు వెనక్కి తిప్పాడు, దిగకుండానే పోయాడు.

తర్వాత పది నిమిషాలు అక్కడ జరిగిన గందరగోళం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు. జీపు లోపలికి పంపాలా వద్దా? మోటారు పోని దారి అని పొద్దున్నే ఉపన్యాసమిచ్చిన పెద్దాఫీసరు గేటు తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ ఫోన్లు ఎత్తి ఉన్నాయి. "సార్, చావు బతుకుల్లో రూలేంది సార్" అని డ్రైవరు అరుస్తున్నాడు. నాకేం చెయ్యాలో తోచలేదు. పక్కనున్న అతిథి సైకిలు లాక్కుని ఎక్కాను. ఒక మీట నొక్కితే చైను టకటకమని ఎక్కడికో పోయింది, ఇంకొకటి నొక్కితే చక్రం పట్టేసింది. సీటు నా ఎత్తుకు చాలా ఎక్కువ. కొంచెం తొక్కి, ఎక్కువ తోసి, చీలికదాకా పోయేసరికి నా ప్రాణం నోట్లోకి వచ్చింది. చీలిక దగ్గర కొమ్మ పక్కన పొదలో పడి ఉంది. ఆయనే తీశాడు. తియ్యవలసిన పద్ధతిలోనే తీశాడు. రెండు దారులూ తెరిచి ఉన్నాయి. ఎడమవైపు కంకర మీద సన్నటి టైరు గీత ఒకటి క్వారీ వైపు పోయింది.

దేవుడి దయవల్ల ఆమె గుంతలో పడలేదు. అంచుకు ముందున్న వాలులో జారి, చెయ్యి విరిగి, చీలమండ వాచి, ఒక బండ నీడన కూర్చుని ఉంది. పిలిచి పిలిచి గొంతు పోయింది. వాచరు అప్పటికే తన తలగుడ్డతో ఆమె చేతికి కట్టు కట్టి, నీళ్ళు తాగిస్తున్నాడు.

"రెండు దారులూ తెరిచే ఉన్నాయండీ, కొమ్మ ఎక్కడా కనపడలేదు" అంది ఆమె నన్ను చూసి. "వెడల్పుగా ఉంది కదా అని ఇటు వచ్చాను."

వాచరు నా వైపు చూశాడు. నేను వంగి ఆమె సైకిలు లేపడం మొదలుపెట్టాను. దాన్ని అంత జాగ్రత్తగా లేపవలసిన అవసరం లేదు.

క్యారియర్ ఉన్న సైకిలు అక్కడ ఆయనదొక్కటే. దాని మీద తువ్వాలు మడిచి వేసి, ఆమెను కూర్చోబెట్టి, నేనొక పక్క పట్టుకుంటే ఆయన చీలికదాకా తోసుకొచ్చాడు. ఆలోపు జీపు వచ్చింది. ఆత్మకూరు ఆసుపత్రిలో చేర్చాం. ఆమె ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు. కాని మా వెతుకులాట వీడియోలు ఊరూరా తిరిగాయి. తప్పెవరిదో తేల్చమని పైనుంచి అడిగారు.

మూడో రోజు ఉదయగిరి ఆఫీసులో విచారణ. బల్లకు అవతల పెద్దాఫీసరు, ఇవతల నేను కుర్చీలో, వాచరు నిలబడి. నా రిటైర్మెంటుకు అప్పటికి రెండు నెలలే ఉంది. పెన్షన్ కాగితాలు నెల్లూరు పోయి ఉన్నాయి. ఒక్క మెమో పడితే అవి అక్కడే నిలిచిపోతాయి. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకన్నా నాకే ఎక్కువ తెలుసు.

"కొమ్మ ఎవరు తీశారు?"

"నేనే సార్."

"ఎవరు తియ్యమన్నారు?"

"ఎవురూ చెప్పలా సార్. ఆఖరున తియ్యాలి గదా."

"పదమూడో మనిషి వస్తోందని సెక్షన్ ఆఫీసరు గారు నీకు సెట్టులో చెప్పలేదా?"

పిల్లలూ, ఆ ప్రశ్న ఆయన్ని అడిగారు గాని జవాబు నా దగ్గర ఉంది. చెప్పలేదు సార్ అని రెండు మాటలు. వాచరు నన్ను చూశాడు. నేను ఫైలుకు కట్టిన ట్యాగు ముడి చూస్తూ కూర్చున్నాను.

"చెప్పే ఉంటారు సార్" అన్నాడు ఆయన. "నాకే వినపడుండదు."

రాసేశారు. వేలిముద్ర వేశాడు. మరుసటి రోజు నుంచి పనిలోకి రావద్దన్నారు. దారి నిలబడింది, చీలిక దగ్గర కర్ర బోర్డు లేచింది, క్యాంపు కూడా నిలబడింది, మిగిలిన నలుగురికీ పని మిగిలింది. నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పి, సైకిల్ దారికి ఆద్యుణ్ణి నేనే అన్నారు. ఆ రోజు ఇంటికి దింపుతూ డ్రైవరు ఆత్మకూరుదాకా నోరు విప్పలేదు. దిగేటప్పుడు మాత్రం, "మీరు పన్నెండు అని చెప్పినప్పుడు నేను పక్కనే ఉండా సార్. నిజం రాసియ్యాలంటే ఇంకా రాసియ్యొచ్చు" అన్నాడు. చూద్దాంలే అన్నాను.

తర్వాత రెండేళ్ళు నన్ను తినేసింది ఒక్కటే. ఆయన నన్నెందుకు కాపాడాడు? ఒకసారి ఆయనకి జ్వరమొస్తే జీపులో పంపించాను, అందుకా? ఆఫీసరు మీద గౌరవమా? నేను మాట్లాడకపోతే సిగ్గుతో చస్తానని, కావాలనే వేసిన శిక్షా? ఒక్కో రోజు ఒక్కో రకంగా అనిపించేది. ఏదీ కుదిరేది కాదు. నాకు అంత మేలు చేయించుకునే యోగ్యత లేదని మాత్రం తెలుసు.

మొన్న ఎండలు తగ్గాక ఉండబట్టలేక సీతారామపురం బస్సెక్కాను. ఆయన ఊరు అక్కడినుంచి రెండు కిలోమీటర్లు. ఇంటిముందు కట్టె చెక్కుతూ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఇంకా సెక్షన్ ఆఫీసరునే అన్నట్టు. మంచం వాల్చాడు. ఇప్పుడు ఎవరివో మేకలు మేపుతున్నారట మొగుడూ పెళ్ళాం. ఆయన ముందు నడుస్తాడు, లెక్క మాత్రం పెళ్ళాం చూసుకుంటుందట.

"అదేందయ్యా, అడవిలో చెట్లు లెక్కపెట్టినోడివి నువ్వు" అన్నాను.

"నా లెక్క మీద నాకు గురి పోయినాది సార్. ఆ పొద్దు నుంచి."

ఇక ఆగలేకపోయాను. అడిగేశాను. "ఆ రోజు నన్నెందుకు కాపాడావు?"

ఆయనకు అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. నా మొహంలోకి చూసి, "కాపాడేదేంది సార్?" అన్నాడు. "సెట్టు నా నడుం మీద పొద్దున్నించీ గరగర మంటానే ఉన్నింది. మీరు అందులో చెప్పే ఉంటారు. నేనే వినిపిచ్చుకోలా. మీరు చెప్పకుండా ఉంటే, ఆ పొద్దు అంతమందిలో నన్ను అడగతా ఉంటే, చెప్పలేదని మీరే అనేవోళ్ళు గదా. అనకుండా కూసునే మనిషా మీరు?"

రెండేళ్ళు నేను వెతికిన జవాబు అది. మేలూ లేదు, శిక్షా లేదు. ఆ మనిషి నన్ను నమ్మాడు. నన్ను నమ్మడానికి, తన చెవిని, తన లెక్కని, ఇరవై ఏళ్ళ తన పనిని నమ్మడం మానేశాడు.

"చెప్పలేదయ్యా" అన్నాను. "సెట్టు జీపులో ఉండిపోయింది. మర్చిపోయాను. నీకు పన్నెండనే చెప్పాను. నువ్వు పన్నెండే లెక్కపెట్టావు. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. కాగితం మీద రాసిస్తాను. పై ఆఫీసుకి నేనే పట్టుకెళ్ళి ఇస్తాను."

చేతిలో కట్టె పక్కన పెట్టాడు. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను.

"కాయితం తర్వాత ఇద్దురు గాని" అన్నాడు చివరకు. ఇంట్లోకి తిరిగి గట్టిగా కేకేశాడు. "ఇటు రా ఒకసారి. సార్ ఏందో చెప్తుండాడు, విను."

ఆయన భార్య పిండి చేతులతో వచ్చి గడపలో నిలబడింది. నేను మొదటినుంచీ మళ్ళీ చెప్పాను, గ్యాసు బండ, ఉప్మా, జీపు సీటు మీద సెట్టు, అన్నీ. ఆమె కళ్ళార్పకుండా విన్నది.

"అయితే ఆ పొద్దు నోట్లో ఏం పెట్టుకోని కూసున్నారు సార్?" అంది.

రాసిస్తానన్న కాగితం ఆ వారమే రాసిచ్చాను. ఫైలు మూసేశాం అని ఆఫీసులో చెప్పారు, మళ్ళీ తిరుగుతున్నాను. ఆమె ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ రాయడానికి ఏమీ లేదు.

ఆ రోజు ఆమె అట్లా అడుగుతుండగానే మేకలు వాటంతటవే తిరిగొచ్చాయి. ఆమె అలవాటుగా దొడ్డి వైపు ఒక అడుగు వేసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, తానే పోయి దడి దగ్గర నిలబడి, ఒక్కోదాని వీపు మీద చరుస్తూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆమె గడపలోనే ఉండిపోయింది. ఇరవై ఏడు అని ఆయన కేకేస్తే, సరే అని లోపలికి పోయి రొట్టెలు కాల్చుకోసాగింది.